బొట్టు కింది ఎర్ర దీపం

ఆ పీట ఇటు లాక్కొని నా పక్కన కూర్చోండి. టీవీ గొంతు కాస్త తగ్గించండి. పొయ్యి మీద పాలేమన్నా ఉంటే దించి రండి, మధ్యలో లేస్తే ఈ ముచ్చట తెగిపోతుంది. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని నేను, పుస్తకాల్లో రాసే పెద్ద మాటలు నాకు రావు. కానీ కళ్ళతో చూసినదాన్ని, చెవులతో విన్నదాన్ని మరిచిపోయే గుణం కూడా నాకు లేదు. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్ళ సంగతి ఇది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఇన్నేళ్ళూ దీన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఆ మాట మొన్ననే తీరింది.

మొన్న మా పద్మక్క బిడ్డ మౌనిక నల్లగొండ నుంచి కారు నడుపుకుంటూ మా ఊరొచ్చింది. కారుకు ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అతికించి ఉంది. పక్క సీట్లో మా బావ ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాడు. బండి ఆగీ ఆగకముందే దిగి నాతో, "అండాలూ, ఇగ నువ్వే చూసుకో మీ బిడ్డను. నేను జర చాయ తాగొస్త" అని బజారు వైపు నడిచాడు. మౌనిక పకపకా నవ్వింది. "నేను బ్రేకు తొక్కకముందే మా నాయిన ఉత్త జాగల కాలు తొక్కుతడు చిన్నమ్మా. తొవ్వ పొడుగునా గదే పని." దానికి వచ్చే వారం పరీక్ష. బండి నడిపి చూపించడమే కాదు, బండి బాగోగులు కూడా అడుగుతారని ఎవరో చెప్పారట. ఫోన్లో ప్రశ్నలు పెట్టుకొని ఒక్కొక్కటీ చదువుతుంటే, నేను బానెట్ ఎత్తి అదెక్కడుందో, ఇదెక్కడుందో చూపించాను. ఇంజన్ ఆయిల్ పుల్ల, నీళ్ళ డబ్బా, బ్రేక్ ఆయిల్ బుడ్డి, బ్యాటరీ కొసలు. అన్నీ దానికి ఇట్టే వచ్చేశాయి. తర్వాత లోపల కూర్చొని చాబి తిప్పింది.

"చాబి తిప్పంగనే ముందర దీపాలన్నీ వెలగాలె. స్టార్టయినంక అన్నీ ఆరాలె. గంతేగద చిన్నమ్మా?" అని ఫోన్లో బొమ్మ చూస్తూ, అద్దం మీద వేలు పెట్టి ఒక్కో దీపం పేరు చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "ఒకటి వెలుగుతలేదు" అంది.

గేటు దగ్గర కుర్చీలో మా బాపు కూర్చొని ఉన్నాడు. ఎడమ కాలు ముందుకు చాపి, చేతికర్ర తొడ మీద అడ్డంగా పెట్టుకొని, ఎప్పటిలాగే. అంత దూరం నుంచి ఆయనకు ఆ మాట ఎలా వినపడిందో నాకు తెలియదు. "ఏది?" అని అడిగాడు. మౌనిక జవాబు చెప్పేలోపల నేను తల లోపలికి పెట్టి చూశాను. మీటర్ల అద్దం మూలన పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్ది ఉంది. ఎండిపోయి గట్టిపడ్డ మందపాటి బొట్టు. నా వీపు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టయింది. వెలగనిది ఏ దీపమో నాకు చూడకుండానే తెలుసు.

ఇక ముందునుంచి చెప్పాలి. కేతేపల్లికి దగ్గరలోనే మా ఊరు. మా బాపు బతుకంతా కృష్ణ ఒడ్డున నందికొండలో, కాలువల ఆఫీసు జీపు నడిపాడు. కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకు రిటైరై ఊరికొచ్చి, పాతదొక తెల్ల కారు కొని కిరాయికి తిప్పేవాడు. ఎవరికన్నా నొప్పులొస్తే దవాఖానకు, ఎవరింట్లోనన్నా పెళ్ళయితే చుట్టాలను తేవడానికి. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నన్నూ అక్కనూ పెంచింది బాపు తల్లి, మా అవ్వ. అక్క పెళ్ళి చేసుకొని నల్లగొండ వెళ్ళాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. పెళ్ళయ్యాక కూడా నేను ఈ ఇల్లు వదల్లేదు, మా ఆయనే ఇక్కడికి వచ్చాడు. కారుకు కొట్టం లేదు. ఇంటి ముందు వాకిట్లోనే ఉండేది, పొద్దున ముగ్గు దాని చక్రాల దాకా వచ్చి ఆగేది.

ఆ ఇంట్లో శకునాలు చూసేవాళ్ళు ఇద్దరు. ఒకరు అవ్వ. కిరాయికి బయల్దేరే ముందు ఎవరు తుమ్మినా బాపు మళ్ళీ వచ్చి కూర్చొని, గ్లాసు నీళ్ళు తాగి లేవాలి. గడప దాటేవాణ్ణి "ఏడికి" అని అడిగితే అడిగినవాడికి తిట్లు. బల్లి ఏ మూల నుంచి పలికిందో, పిల్లి ఎటునుంచి ఎటు పోయిందో, పాలు ఏ వైపు పొంగాయో, అన్నీ ఆమెకు లెక్కే. కోడి కూయకముందే లేచి పేడనీళ్ళు కలిపి వాకిలంతా సాన్పు చల్లేది. కారు కింద కూడా వంగి చల్లేది. "బండి నిలవడ్డ జాగ గూడ ఇల్లే గదరా, గలీజుగ ఉంటే లక్ష్మి అడుగు పెడ్తదా" అనేది. ఆ పచ్చి పేడ వాసన, కారులోంచి వచ్చే పెట్రోలు వాసన, పెంకు మీద కాలే జొన్నరొట్టె వాసన, మూడూ కలిసిన గాలి ఇప్పటికీ ఎప్పుడన్నా ముక్కుకు తగులుతుంది. తగిలినప్పుడల్లా మొదట హాయిగా ఉంటుంది, వెంటనే భయం వేస్తుంది.

రెండో శకునగాడు మా బాపు. ఆయనకు పిల్లులూ బల్లులూ పట్టవు. "బండి గూడ శకునం చెప్తది బిడ్డా. నోరుండదు గని అన్నీ చెప్తది" అనేవాడు. ఖాకీ అంగీ జేబులో ఎప్పుడూ ఒక పాత పంచె పేలిక ఉండేది. పొద్దున్నే చాయ కంటే ముందు, కారును కాదు, కారు కింది నేలను చూసేవాడు. నల్ల మరకైతే ఇంజన్ ఆయిల్, పచ్చటి జిగురు నీళ్ళైతే రేడియేటరుది, చక్రం లోపలి వైపు నుంచి జారిన సన్నటి జిడ్డైతే బ్రేకుది. ఆ తర్వాతే బానెట్ ఎత్తేవాడు. పుల్ల తీసి, పేలికతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి చూసేవాడు. ఆ ఆయిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వాసన చూసేవాడు.

ఆయన కళ్ళకు పొరలు కమ్ముతున్న రోజులవి. రేపు తాను నడపలేకపోతే ఇంటి బండి ఇంటివాళ్ళన్నా నడపాలని నాకు నేర్పడం మొదలుపెట్టాడు. ఎదురింటి సాయిలు మామ అరుగు మీద కూర్చొని బీడీ ముట్టించుకుంటూ, "పోరి కారు నడిపితే మేమంత ఎడ్లు కాయాల్నారా?" అన్నాడు. "కాయి మామా. ఎడ్లకు గూడ నీ అసొంటోడు తోడుంటే పొద్దు పోతది" అన్నాడు బాపు. అప్పటినుంచి సాయిలు మామ నేను గేరు మార్చినప్పుడల్లా వినపడేలా దగ్గేవాడు.

నాకు చదువు లేదని బాపు ప్రతిదీ వంటింటి మాటల్లో చెప్పేవాడు. "ఊరగాయ మీద నూనె నిలవడాలె. నూనె కిందికి పోతే కాయ పాడైతది. ఇంజన్ గూడ గంతే, పుల్ల మీది రెండు గీతల నడుమ ఉండాలె. బండి సమంగున్న జాగల, చల్లారినంక చూడాలె." రేడియేటరు దగ్గరికొచ్చి, "ఉడికే కుక్కర్ మూత తీస్తవా? తియ్యవు గద. గిది గూడ గంతే, మొఖం కాలిపోతది" అనేవాడు. టైరు గాలి పొద్దున, బండి కదలకముందే చూడమనేవాడు. తిరిగొచ్చిన టైరు వేడికి ఉబ్బి అబద్ధం చెబుతుందట. బ్యాటరీ కొసలకు ఉప్పులా తెల్లగా పూస్తే వేడినీళ్ళతో కడగమనేవాడు. అన్నీ నవ్వుతూ చెప్పేవాడు. బ్రేక్ ఆయిల్ బుడ్డి దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు. "గిది తగ్గిందనుకో, పోసి మూత పెట్టుడు గాదు. గిది తాగి ఖర్చయ్యేది గాదు. తగ్గిందంటే ఏడనో పుండున్నది. ముందు పుండు ఎతకాలె."

ఆ ఏడు దసరాకు ముందు బాపుకు కన్ను ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకొని, ఒక కంటికి పట్టీ కట్టుకొని నులక మంచం మీద కూర్చునేవాడు. కన్ను తొందరగా మానలేదు, అది మానేదాకా పట్టీ తీయొద్దనీ తల కిందికి వంచొద్దనీ అన్నాడు డాక్టరు. అందువల్ల దసరా రోజు బండి పూజ నేనూ అవ్వా చేశాం. నేను కారు కడిగాను. అవ్వ బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నాలుగు తలుపులకూ పసుపు రాసింది. లోపల కూర్చోబెడితే చిన్నపిల్లలా అటూ ఇటూ చూసింది. నేను చాబి తిప్పాను. చేతి బ్రేకు లాగి ఉంది కాబట్టి మీటర్ల అద్దం మూలన ఎర్ర దీపం గుండ్రంగా వెలిగింది.

అవ్వ ముఖం వెలిగిపోయింది. "సూడు బిడ్డా, బండి తన బొట్టు తానే పెట్టుకున్నది. మనిషికి నొసలెట్లనో దీనికి గీ అద్దం గట్ల. నేను గూడ ఆడనే పెడ్త" అని, పసుపు ముద్ద ఆ దీపం మీద అదిమి, దాని మీద కుంకుమ అద్దింది. మంచం మీద నుంచి బాపు, "అయిందా అమ్మా?" అని అడిగాడు. "అయింది కొడుకా. ఇగ దీనికి ఏ దిష్టీ తాకది" అంది అవ్వ. అది చేతి బ్రేకు దీపమని మాత్రమే నాకు తెలుసు. బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలిగేది అదే దీపమని ఆ దాకా ఎవరూ నాకు చెప్పలేదు. బాపుకు తెలుసు. ఆయన ఒక కంటికి పట్టీ, రెండో కంటికి పొర.

దసరా పోయింది. జమ్మి ఆకులు ఎండి గడప మీద రాలాయి. బాపు మంచం మీద నుంచే రోజూ పొద్దున, "కింద నేల పొడిగున్నదా అండాలూ?" అని అడిగేవాడు. నేను వెళ్ళి చూసేదాన్ని. అప్పటికే సాన్పు చల్లి ఉండేది. నేలంతా పచ్చగా తడిసి మెరుస్తుండేది. "అంతా తడే బాపూ, అవ్వ సాన్పు చల్లింది" అనేదాన్ని. "సరె" అనేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఇద్దరం ఎంత తేలిగ్గా సరిపెట్టుకున్నామో. నేల ఏదో చెబుతూనే ఉంది. ప్రతి తెల్లవారుజామునా మా అవ్వ చేతి పుణ్యం దాని మీద పారుతూనే ఉంది.

దీపావళి నాటికి నా కాలికి ఏదో తెలిసింది. బ్రేకు మీద పాదం పెడితే అది నానిన మట్టిలో దిగినట్టు దిగేది. "మెత్తగుంది బాపూ" అన్నాను. ఆయన పక్క సీట్లో ఉన్నాడు, ఆయన కాలు దాని మీద లేదు. "కొత్త కాలుకు గట్లనే అనిపిస్తది. గట్టిగ తొక్కు" అన్నాడు. నేను ఎరిగిన బ్రేకు అదొక్కటే. గట్టి బ్రేకు ఎలా ఉంటుందో తెలిస్తే కదా మెత్తనిది ఎంత మెత్తనో తెలిసేది.

అయినా బాపు ఊరుకోలేదు. కార్తీకంలో అవ్వ నందికొండ వెళ్ళి కృష్ణలో స్నానం చేసి దీపాలు వదలాలని పట్టుబట్టినప్పుడు, ముందు రోజు తానే నెమ్మదిగా వచ్చి బానెట్ ఎత్తించాడు. తల వంచకుండా, నిటారుగా నిలబడి, పట్టీ లేని కంటితో బ్రేక్ ఆయిల్ బుడ్డి వైపు చూశాడు. ఎండలకూ వేడికీ ఆ పాత బుడ్డి గోధుమరంగుకు తిరిగింది. దాని పొట్ట మీద పై గీతకు కాస్త కిందుగా ఒక నల్లటి అంచు కనిపించింది. "ఉన్నది" అన్నాడు. అది ఎన్నో ఏళ్ళుగా ఆయిల్ నిలిచిన చోట పట్టిన మరక. ఆయిల్ దిగిపోయినా అంచు అక్కడే ఉంటుంది. బండిని కాస్త ఊపితే, కదిలేది ఆయిల్, కదలనిది మరక. ఆ మాట నాకు తర్వాత ఆయనే నేర్పాడు. ఇప్పుడు మౌనికకు నేను నేర్పిన మొదటి సంగతి కూడా అదే.

బయల్దేరిన పొద్దున శకునాలన్నీ మంచివే. అవ్వ సంబరపడిపోయింది. ఎవరూ తుమ్మలేదు. ఎదురుగా నిండు బిందెతో ముత్తైదువ వచ్చింది. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చొని కనిపించింది. "ఇంత మంచి గడియ నా బతుకుల సూడలే" అని అవ్వ వెనక సీట్లో ప్రమిదల బుట్ట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నేను స్టీరింగు ముందు, బాపు నా ఎడమ పక్క. ఆ వారమే నాకు పరీక్ష. దూరం పోయొస్తే చేయి తిరుగుతుందని బాపు నన్నే నడపమన్నాడు. నకిరేకల్ దాటాం, నల్లగొండ దాటాం, హాలియా దగ్గర ఆగి చాయ తాగాం. చదును రోడ్డు, చల్లటి పొద్దు, పత్తి చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. చాయ దుకాణం ముందు మళ్ళీ కారెక్కుతుంటే వెనక చక్రం లోపలి వైపు నల్లగా, తడిగా మెరిసింది. మంచు అనుకున్నాను. అద్దాల మీద కూడా మంచు ఉంది మరి.

నందికొండలో కొండ మీది కాలనీ దాటాక బాట నది వైపుకు దిగుతుంది. దూరంగా నీళ్ళు కనిపించగానే అవ్వ చేతులు జోడించింది. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. అది దిగింది. దిగి, ఆగలేదు. నేలకు తాకింది.

అప్పుడు ఎవరూ అరవలేదు. "బాపూ, కింద ఏం లేదు" అన్నాను. ఆయనకు అర్థమైంది. "కొట్టు, ఆపకుండ కొట్టు" అన్నాడు. కాలితో పదే పదే తొక్కాను, ఉత్త గాలిని తొక్కినట్టుంది. "గేరు దించు." దించాను, ఇంజన్ మూలిగింది. ఆయన చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగాడు. వెనక ఒక చక్రం కీచుమంది, రెండోది ఆయిల్‌లో తడిసి జారుతూనే ఉంది. బండి కాస్త నెమ్మదించింది గానీ నిలవలేదు. ముందు మలుపు. కుడి చేతి వైపు అంతా లోయ, ఖాళీ. ఎడమ చేతి వైపు తొలిచిన కొండ, ఎర్రమట్టి గట్టు. బాపు అటు చూశాడు, ఇటు చూశాడు.

"నా దిక్కు తిప్పు" అన్నాడు.

నాకు వినపడింది. చేతులు కదల్లేదు.

"నా దిక్కు తిప్పు బిడ్డా. గట్టుకు రుద్దు. నేను చెప్తున్న గద, తిప్పు." జొన్నరొట్టె తిరగెయ్యమని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను తిప్పాను.

మట్టీ రాళ్ళూ ఆయన వైపు తలుపును గీరుకుంటూ వచ్చిన చప్పుడు మీకు చెప్పడం నావల్ల కాదు. ఒక బండరాయి దగ్గర బండి ఒరిగి ఆగింది. ఇంజన్ ఆగిపోయింది. తలుపు లోపలికి నొక్కుకుపోయి, బాపు ఎడమ మోకాలు దాని కింద ఇరుక్కుంది. వెనక అవ్వకు ఒక్క గీత కూడా పడలేదు. చెదిరిన ప్రమిదలు ఏరుకుంటూ, "నా బొట్టు కాపాడింది. నా బొట్టే కాపాడింది" అంటోంది.

బాపు ఆ మాట విన్నాడు. పట్టీ లేని కన్ను మెల్లగా మీటర్ల అద్దం వైపు తిరిగింది. బొటనవేలు నోట్లో తడుపుకొని, చేయి చాచి ఆ బొట్టును తుడిచాడు. కింద ఎర్ర దీపం. చేతి బ్రేకు లాగి ఉంది కదా, వెలుగుతుంది అనుకున్నాను. ఆయన చేతి బ్రేకు మెల్లగా కిందికి దించాడు. బండి రాయికి ఆనుకొని ఉంది, కదల్లేదు. దీపం ఆరలేదు. మా పాత కారులో చేతి బ్రేకు దించగానే ఆరాల్సింది, ఆరలేదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు కూడా అది వెలుగుతూనే ఉందేమో. నకిరేకల్‌లో, నల్లగొండలో, మేము చాయ తాగి మళ్ళీ ఎక్కినప్పుడు, పసుపు కింద, కుంకుమ కింద, ఆగండి ఆగండి అంటూ వెలుగుతూనే ఉందేమో. బాపు చాబి తిప్పి ఆర్పేశాడు. నా ముఖంలోకి చూసి, వెనక వినపడకుండా అన్నాడు. "నేను చెప్పుమనేదాక ఎవ్వలికీ చెప్పకు. అవ్వ బతకది."

దారిన పోయేవాళ్ళు వచ్చి ఆయన్ను బయటికి తీశారు. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. దవాఖానలో బాపుకు స్పృహ వచ్చాక అవ్వ ఆయన్ను అడిగిన మొదటి మాట, "అద్దం మీది బొట్టు కనవడలే కొడుకా, ఏమైంది?" అని. "దెబ్బకు రాలిపోయిందమ్మా" అన్నాడు. అవ్వ కళ్ళు మూసుకొని దండం పెట్టింది. "దెబ్బంత అది తీసుకొని రాలిపోయింది. లేకుంటే మీరిద్దరు నాకు దక్కుదురా?"

అసలు భయం అక్కడే మొదలైంది. ఊరికి తిరిగొచ్చాక ఆమె ఆ మాట అందరికీ చెప్పింది. బొట్టు పెట్టిన అవ్వ అని పేరొచ్చింది. కొత్త ఆటో కొన్నవాళ్ళు, ట్రాక్టరు కొన్నవాళ్ళు, లైసెన్సు పరీక్షకు పోయే పోరగాళ్ళు, అందరూ మా వాకిట్లోకి బండి తెచ్చి, "అవ్వా, నీ చేత్తోని ఒక్క బొట్టు పెట్టు" అని నిలబడేవారు. సాయిలు మామ కూడా కొడుకు మోటార్‌సైకిల్ నడిపించుకొచ్చాడు. అవ్వ ఎక్కడ పెట్టాలో అందరికీ చెప్పేది. "ఎర్ర దీపం మీదనే పెట్టాలె. గదే దాని నొసలు."

ఆ రోజుల్లోనే బాపు గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. ఊరివాళ్ళు కాలు పోయినాయనకు పొద్దు పోవడానికి అనుకున్నారు. ఆయన వచ్చిన ప్రతి బండినీ ఆపేవాడు. ముందు కర్రతో నేలను చూపించి, "మీ ఇంటి కాడ దీని కింద తడి ఉంటాందా?" అని అడిగేవాడు. తర్వాత, "జర చాబి తిప్పు. ఏమేం వెలిగినయో చదువు. ఇగ స్టార్ట్ చెయ్. అన్ని ఆరినయా?" అనేవాడు. ఆ పైన లోపలికి కేకేసేవాడు. "అమ్మా, గీ బండికి స్టీరింగు నడుమ పెట్టు. అద్దం మీద వద్దు, ఎండకు పగులుతదట." ఒక్కో బండికి ఒక్కో సాకు. అవ్వ గొణుక్కుంటూనే కొడుకు మాట వినేది. నలుగురూ వాళ్ళిద్దరినీ చూసి ఇద్దరూ దీవిస్తున్నారనుకునేవారు.

ఒక్కసారి మాత్రం గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కాలు చూపించుకోవడానికి బాపును నల్లగొండ దవాఖానకు తీసుకెళ్ళాను. మేము తిరిగొచ్చేసరికి అవ్వ గడపలో సంతోషంగా కూర్చుని ఉంది. పోచంపల్లి వాళ్ళెవరో, చీరల మూటలు వేసుకొని తెల్ల వ్యానులో పోతూ, ఊళ్ళో ఎవరి ద్వారానో విని వచ్చారట. మొగుడూ పెళ్ళాం, వాళ్ళ మధ్య ఒక చిన్న పాప. "కడుపు సల్లగుండ, మంచోళ్ళు. అద్దం మీద మంచిగ అద్ది పంపిన" అంది. బాపు అన్నం ముందు కూర్చొని లేచిపోయాడు. మర్నాడు నన్ను ఊరంతా తిప్పి అడిగించాడు. వాళ్ళ పేరు ఎవరికీ తెలియదు, ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఎవరన్నా రోడ్డు మీద ఏదో జరిగిందని చెబితే, బాపు ముందు అడిగే మాట "ఏం బండి?" అని.

అవ్వ పోయి కొన్నేళ్ళయింది. నిద్రలోనే, నవ్వు ముఖంతో పోయింది. అప్పుడు కూడా బాపు నాకు చెప్పమనలేదు. నేను అడగలేదు.

ఇప్పుడు మొన్నటి రోజుకొద్దాం. మౌనిక ఆ ఎండిన బొట్టు మీద వేలు పెట్టి, "అమ్మ పెట్టింది తాతా. ముత్తవ్వ చెప్పిందట గద, ఎర్ర దీపం మీదనే పెట్టాలె అని. ముత్తవ్వ బొట్టు మీ పాణం కాపాడింది గద" అంది. బాపు కర్ర ఊని లేచాడు. ఆయన లేవడం మాకు కొత్త కాదు. కానీ అంత తొందరగా లేవడం నేను చూడలేదు. ముందు కారు కింది నేల చూశాడు. ఇప్పుడు మా వాకిలి సిమెంటు వేసింది, సాన్పు లేదు, పొడిగా తెల్లగా ఉంది. తర్వాత తలుపు పట్టుకొని లోపలికి వంగి, బొటనవేలు తడుపుకొని ఆ బొట్టును తుడిచాడు. గట్టిగా పట్టుకుంది, గోరుతో గీకాల్సి వచ్చింది. కింద ఎర్ర దీపం బయటపడింది.

"స్టార్ట్ చెయ్" అన్నాడు. మౌనిక చేసింది. "చేతి బ్రేకు దించు." దించింది. మేము ముగ్గురం ఆ దీపాన్నే చూశాం. ఆరిపోయింది.

బాపు తన గోటికి అంటిన కుంకుమను స్టీరింగు నడుమ రాసి, మిగిలింది మౌనిక నుదుట అద్దాడు. కుర్చీ వైపు తిరిగి వెళ్తూ, నా దగ్గర ఆగి, "ఇగ చెప్పు. అందరికి చెప్పు. మా అమ్మకు ఇప్పుడు నొప్పి గాదు" అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "మంచిగ చెప్పు. ఆమె ప్రేమతోనే పెట్టింది."

అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టి చెబుతున్నాను. ఆ కాలంలో మా పాత కారుకు ఉన్న నోరు ఆ చిన్న దీపం ఒక్కటే. ఇప్పటి బండ్లు గంట కొడతాయి, తెర మీద అక్షరాలు రాస్తాయి, ఆడమనిషి గొంతుతో మాట్లాడతాయి. నేర్చుకునే పిల్లలకు అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. అయినా దాని నోరు మూసే చెయ్యి ఎప్పుడూ పరాయివాడిది కాదు, మనల్ని ముద్దు చేసిన చెయ్యే. కోపంతో మూసిన చెయ్యిని తోసేస్తాం. దండం పెట్టి మూసినదాన్ని ఎవరు తోస్తారు? చీరల మూటలతో వెళ్ళిన ఆ తెల్ల వ్యాను ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో నాకు తెలియదు. చేతులు మారి, రంగు మారి మీ వాకిట్లోనే నిలిచి ఉండొచ్చు. పోయి ఒక్కసారి చూసి రండి. అద్దం మూలన పాత పసుపు మరక కనిపిస్తే, అది మా అవ్వ చెయ్యి. కాస్త నీళ్ళతో తుడవండి, ఆమె ఏమీ అనుకోదు. బొట్టు స్టీరింగు నడుమ పెట్టుకోండి.

మీ ఇంటి బండి కింద నేల ఎప్పుడూ పొడిగా ఉండాలి. చాబి తిప్పినప్పుడు వెలగాల్సినవన్నీ వెలగాలి, ఆరాల్సినవన్నీ ఆరాలి. మీ పిల్లల కాలి కింద బ్రేకు రాయిలా గట్టిగా నిలవాలి. పొద్దున వెళ్ళిన మీవాళ్ళందరూ, వెళ్ళిన కాళ్ళతోనే, సాయంత్రం మీ గడప లోపలికి రావాలి.